అడవిపువ్వులను నేర్చుకొనుడి

వాక్యభాగములు: మత్తయి 6:28–30, 2 రాజులు 4:38–41, యిర్మీయా 29:4–7



కొండమీది ప్రసంగములో ప్రభువు చింతను గూర్చి చెప్పిన మాటలు మనకందరికి కంఠతా వచ్చు. ఇల్లు విడిచి, ఊరు విడిచి వచ్చిన మనకు ఆ మాటలు ఎన్నో రాత్రులు ఆదరణ నిచ్చినవి. అయితే ఆ భాగములో మనము తరచుగా సగమే చదువుచున్నాము. చింతపడవద్దన్న సగము గుర్తున్నది. అడవిపువ్వుల సంగతి ఆలోచించమన్న సగమును మాత్రము అలంకారముగా ఎంచి దాటిపోవుచున్నాము. అది కూడ ఆజ్ఞయే. గ్రీకు మూలములో మత్తయి అక్కడ వాడిన క్రియాపదమునకు శ్రద్ధగా చూచి నేర్చుకొనుట అని అర్థము. శిష్యుడు అను మాటకు గ్రీకులో ఉన్న పదము కూడ ఆ ధాతువు నుండి పుట్టినదే. అంటే శిష్యుడైనవాడు పువ్వు దగ్గర కూడ శిష్యుడుగా కూర్చుండవలెనని ప్రభువు కోరుచున్నాడు.

ఇంగ్లీషు బైబిలులో ఈ చోట లిల్లీ పువ్వు అని ఉన్నది. గలిలయ కొండలమీద వానల తరువాత విరియబూసే ఎర్రని ఎనిమోను పువ్వులే ప్రభువు మనస్సులో ఉండవచ్చునని పండితులనేకులు తలంచుచున్నారు. మన తెలుగు అనువాదకులు ఏ ఒక్క పువ్వు పేరును పెట్టక, అడవిపువ్వులు అని వ్రాసి మనకు మేలు చేసిరి. ఎవరు నీళ్లు పోయకపోయినా, ఎవరు కంచె కట్టకపోయినా పూసే పువ్వులు ప్రతి ఊరి పొలిమేరలోను ఉన్నవి గదా! కనుక ఈ ఆజ్ఞను నెరవేర్చుటకు ఎవరికిని గలిలయ ప్రయాణము అక్కరలేదు.

1. పిచ్చిమొక్క అనునది లేదు

పోయిన డిసెంబరులో సంఘ యౌవనస్థులు కొందరితో విరుదునగర్ నుండి మానామదురైకి రైలులో వెళ్లితిని. అరుప్పుకోట, తిరుచ్చుళి, నరికుడి మీదుగా పోయే మార్గమది. పూర్వము మీటర్ గేజ్ లైను, 2013లో బ్రాడ్ గేజ్ బండ్లు నడిచినవి. ఆ ప్రాంతము వానను నమ్ముకొన్న మెట్టభూమి. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వచ్చే ఈశాన్యపు వానలే దానికి ప్రాణము. అక్కడ కణ్మాయి అని పిలిచే చెరువులలో నీళ్లు చేరిన ఆ రోజులలో కట్టల వెంబడి, రైలు కట్ట వెంబడి ఎన్ని పువ్వులో! నరికుడిలో దిగి నడుచుచుండగా మాతో వచ్చిన ఒక అమ్మాయి, "తాతగారూ, ఇవన్నీ పిచ్చిమొక్కలేనా?" అని అడిగినది.

ఉపాధ్యాయ శిక్షణలో ప్రకృతి పరిశీలన పాఠము చెప్పే పద్ధతి మాకు నేర్పిరి. పిల్లవానికి పేరు ముందు చెప్పవద్దు, చూడమని చెప్పుము అనుట ఆ పద్ధతి. అందుచేత ఆ అమ్మాయికి పేరు చెప్పక, పసుపుపచ్చగా పూసిన ఒక పొదను చూపి, లెక్కపెట్టమంటిని. అయిదు రేకులు. ఈనెకు ఇరుప్రక్కల జతలు జతలుగా చిన్న ఆకులు. ఆకుకాడ మొదట చెవి ఆకారములో పచ్చని తునకలు. బల్లపరుపు కాయలు. ఇవి నాలుగును చూచినవాడు ఆ మొక్కను ఇక మరువడు. దాని శాస్త్రీయ నామములోని రెండవ మాటకు చెవులు గలది అనియే అర్థము.

ఇంతలో మేకలు తోలుకొని వచ్చుచున్న ఒక తల్లి ఆగి, "ఆవారం పూ" అన్నది. మేము తెలుగులో మాటలాడుకొనుట విని ముఖము వికసించి, "మా ఇంట్లో తంగేడు అంటాము. మా అవ్వ అట్లే చెప్పేది" అన్నది. "అమ్మా, తెలుగువారా?" అంటే, "ఇంట్లో తెలుగు, బడిలో తమిళం" అని నవ్వినది.

సహోదరులారా, ఆ కరిసల్ సీమ, అనగా నల్లరేగడి సీమ, కోవిల్‌పట్టి నుండి విరుదునగర్ వరకు తెలుగు మాటలాడు కుటుంబములతో నిండియున్నది. విజయనగరపు కాలములోను, మదురై నాయకుల కాలములోను వలస వచ్చినవారి సంతతి వారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామములో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఆ వలస కథను తమిళములో గోపల్ల గ్రామముగా వ్రాసిరి. దాని తరువాతి భాగమునకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. 2021లో ఆయన కన్నుమూసినప్పుడు తమిళనాడు అంతయు దుఃఖించినది. ఆ సీమలో తెలుగు లిపి చదువలేని ఇండ్లలో కూడ తంగేడు అను పేరు నాలుగైదు వందల ఏండ్లు నిలిచియున్నది. అదే తంగేడును 2014లో తెలంగాణ తన రాష్ట్ర పుష్పముగా చేసికొన్నది. పేరు అంత దూరము నడిచి, అంత కాలము బ్రతుకును.

కాబట్టి పిల్లలకు చెప్పితిని: పిచ్చిమొక్క అనగా మనము ఇంకను పేరు నేర్చుకొనని మొక్క అని అర్థము. దేవుడు చేసినదానిలో పేరులేనిది లేదు. నక్షత్రముల నన్నిటిని ఆయన పేరుపెట్టి పిలుచుచున్నాడని 147వ కీర్తన సాక్ష్యమిచ్చుచున్నది. మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుచునని యోహాను 10వ అధ్యాయము చెప్పుచున్నది.

2. తెలియనిదానిని తెలిసినట్టు ఎంచుటలో మరణమున్నది

రెండవ వాక్యభాగమును చూడండి. గిల్గాలులో కరవు. ప్రవక్తల శిష్యులు ఆకలిగొనియున్నారు. వారిలో ఒకడు కూరాకులకై పొలములోనికి పోయి, అడవి తీగె నొకదానిని చూచి, దాని కాయలను బట్ట నిండ కోసికొని వచ్చెను. అవి ఏమిటో ఎవరికిని తెలియదు. అయినను తరిగి కుండలో వేసిరి. నోట పెట్టగానే మరణము కుండలో ఉన్నదని కేకలు వేసిరి. ఆ తీగె మన చేదుపుచ్చ జాతిదై యుండునని వ్యాఖ్యాతలు చెప్పుదురు. చూచుటకు పుచ్చవలెనే ఉండును. ఆ శిష్యునిలో దురుద్దేశము లేదు. కష్టపడినాడు, పదిమందికి పెట్టవలెననుకొన్నాడు. గుర్తించుట ఒక్కటే తక్కువైనది.

ఇది పాతకాలపు సంగతి కాదు. నరికుడి త్రోవలో పసుపుపచ్చని పువ్వు, ముండ్ల ఆకు గల ఒక మొక్కను చూచితిమి. మన పల్లెలలో బలురక్కసి అంటారు. ముద్దుగా పూసే ఆ మొక్క గింజలు ఆవగింజలను పోలియుండును. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఈ గింజల నూనె కలిసినందున ఒళ్లు వాచి 60 మంది వరకు చనిపోయిరి. అట్లే తమిళనాడు రాష్ట్ర పుష్పమైన సెంగాందళ్, మన అడవినాభి, నిప్పు జ్వాలవలె పూయును. దాని దుంప తిన్నవారు చనిపోయినవారు కలరు. వైద్యులు ఆ మొక్కనుండియే కీళ్లవాతమునకు మందు తీయుదురు. ఎరిగినవాని చేతిలో మందు, ఎరుగనివాని చేతిలో మరణము.

ఇప్పుడు ఫోనులో ఫోటో తీస్తే మొక్క పేరు చెప్పు సాధనములు వచ్చినవి. మంచిదే, మన పిల్లలు వాడనివ్వండి. అయితే పువ్వు ఒక్కదానినే చూచి ఆ ఫోను పొరబడుట నేను చూచితిని. ఆకు ఏలాగున్నది, తుంచితే పాలు కారునా, వాసన ఏది, ఏ వేళ విచ్చుకొనును, కాయ ఏలాగుండును అనువాటిని పరీక్షించినగాని మొక్క తెలియదు. ప్రభువు కూడ మత్తయి 7వ అధ్యాయములో, ఫలముల వలన తెలిసికొనవలెనని చెప్పి, ముండ్లపొదను పల్లేరును ఉదాహరణముగా చూపెను. మన పల్లేరు జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు, ఆ వచనములోని గ్రీకు మాట, రెండును ఒకటే. ఉదయము బంగారు చుక్కవలె విచ్చిన పల్లేరు పువ్వు ఎంతో అందమైనది. దాని కాయ గుచ్చుకొన్నవానికి తెలియును దాని సంగతి! బోధకులను, స్నేహితులను, పెండ్లి సంబంధములను ఒక్క పువ్వు చూచి నిర్ణయించుకొనకుడి. కాయ పండువరకు ఆగుడి.

3. మూడు వలస మొక్కలు

ఇప్పుడు మనకు సూటిగా తగిలే సంగతి చెప్పుదును. మనము వలసవచ్చినవారము. మేము ఆ దినము చూచిన మొక్కలలో కూడ వలసవచ్చినవి ఉన్నవి. బలురక్కసి, సర్కారు తుమ్మ, గడ్డిచామంతి, ఈ మూడును సముద్రముల ఆవలి అమెరికా ఖండము నుండి వచ్చినవే. ముగ్గురును ఒకే నేలలో స్థిరపడిరి. కాని ఒక్కొక్కటి ఒక్కొక్కలాగున బ్రతుకుచున్నది.

సర్కారు తుమ్మను తమిళులు సీమై కరువేలం అంటారు. 1877లో దాని విత్తనములను తెప్పించి మన కడప జిల్లా కమలాపురం ప్రాంతములో నాటిరని చరిత్ర. వంటచెరకు కొరకు, బీడుభూమి పచ్చబడుట కొరకు నాటిరి. విరుదునగర్, రామనాథపురం, శివగంగ ప్రాంతములలో దానిని కాల్చి బొగ్గు చేసి బ్రతికే పేద కుటుంబములు నేటికిని ఉన్నవి. ఆ మేలు మరువరాదు. కాని అది కణ్మాయిలలోనికి, కాలువలలోనికి, పొలములలోనికి ప్రాకినది. వేరు లోతుగా పోవును. దాని క్రింద మరియొక మొక్క ఎదుగుట అరుదు. 2017లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి దానిని పెరికివేయవలెనని అధికారులను గట్టిగా ఆదేశించునంత దూరము సంగతి వచ్చినది.

పిల్లలు దానిని మన నల్లతుమ్మ అనుకొనిరి. రెండింటికిని ముండ్లు, రెండింటికిని పసుపు పువ్వులు. నిదానించి చూడమంటిని. నల్లతుమ్మ పువ్వు గుండ్రని చిన్న బంతి. సర్కారు తుమ్మ పువ్వు పొడవైన కంకి. నల్లతుమ్మ కాయ గింజ గింజకు మధ్య నొక్కుకొని పూసలదండవలె ఉండును. మందసమును చేయుటకు దేవుడు మోషేకు చెప్పిన కఱ్ఱను మన బైబిలు తుమ్మకఱ్ఱ అని వ్రాసినది. అది ఈ నల్లతుమ్మకు దగ్గరి బంధువు. పేరులో రెండును తుమ్మలే గాని, బ్రతుకు విధానములో ఎంతో భేదము.

గడ్డిచామంతి సంగతి వేరు. చెప్పు క్రింద నలిగిపోయేంత చిన్నది. సన్నని పొడుగాటి కాడ, మధ్యలో పసుపు, చుట్టు తెల్లని రేకులు. ప్రతి రేకు చివర మూడు పండ్లు ఉన్నట్టుండును. దానిని విప్పి చూపితిని. ఒక పువ్వు అనుకొన్నది ఒక పువ్వు కాదు. ఎన్నో చిన్న పువ్వులు ఒకే పీఠముమీద కూర్చున్న సమాజము. "సంఘమువలెనా?" అని ఒక అబ్బాయి అడిగినాడు. 1 కొరింథీ 12వ అధ్యాయమునకు అంతకంటె మంచి బొమ్మ నేను చూపలేను. తమిళులు దానికి పెట్టుకొన్న పేరు వెట్టుకాయ పూండు, అనగా తెగిన గాయమునకు వేసే మొక్క. మన పల్లెలలోను ఆకు నలిపి పసరు గాయమునకు పిండుట తెలిసినదే. ఎక్కడినుండో వచ్చిన ఆ చిన్న మొక్కకు ఈ నేల ప్రజలు తమ సొంత భాషలో ఒక పేరు పెట్టుకొనిరి. ఆ పేరు దాని రూపమునుబట్టి గాక అది చేసిన మేలునుబట్టి వచ్చినది.

నేను మొక్కలనుబట్టి మనుష్యులకు తీర్పు తీర్చుట లేదు. గోధుమలను గురుగులను వేరుచేయు పని కోతకాలపు యజమానునిదే. మనలను మనము పరీక్షించుకొనుటకు ఈ మాట చెప్పుచున్నాను. బబులోనుకు చెరపట్టబడిన వారికి యిర్మీయా ఉత్తరము వ్రాసి, ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, మీరున్న పట్టణము క్షేమముకొరకు ప్రార్థన చేయుడి అని దేవుని మాట తెలిపెను. స్థిరపడుట తప్పు కాదు, దేవుడే స్థిరపడమనెను. ఏలాగు స్థిరపడితిమి అనునదే ప్రశ్న. మన సంఘములు స్థిరపడినవి. మందిరములున్నవి, కమిటీలున్నవి, కుటుంబములకు ఏండ్ల తరబడి తమ తమ బల్లలున్నవి. ఇప్పుడు ఒంగోలు నుండి, నెల్లూరు నుండి, పాలమూరు నుండి క్రొత్తగా పనికి వచ్చిన కుఱ్ఱవాడు, ఆసుపత్రిలో నర్సుగా చేరిన అమ్మాయి, భవన నిర్మాణములో ఇటుకలు మోయు దంపతులు ఆదివారము వచ్చి వెనుక బల్లమీద కూర్చుండి, ఆశీర్వాదము కాగానే వెళ్లిపోవుచున్నారు. వారి పేరు మనలో ఎందరికి తెలియును? మన నీడ క్రింద ఏదైనను ఎదుగుచున్నదా? లేక నీళ్లన్నియు మన వేళ్లే త్రాగుచున్నవా?

4. పేరు వ్రాసికొనిన పితరులు

ఈ విషయములో మనకు మాదిరి లేకపోలేదు. మన బాప్టిస్టు మిషనెరీలలో ఆద్యుడైన విలియం కేరీ గారు 1761లో పుట్టిన ఇంగ్లండు చెప్పులు కుట్టువాడు. 1793లో బెంగాలుకు వచ్చిరి. సేరంపూరులో ఆయన వేసిన తోట ప్రసిద్ధి చెందినది. అదే చేతితో ఆయన 1814లో తెలుగు వ్యాకరణము ప్రచురించిరి. 1818లో తెలుగు క్రొత్త నిబంధన సేరంపూరులో అచ్చయినది. మన సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ గారు కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించి, ఒక్కొక్క మొక్క ప్రక్క దాని తెలుగు పేరును వ్రాసికొనిరి. ఆయన పోయిన తరువాత ఆ మహాగ్రంథమైన ఫ్లోరా ఇండికాను 1832లో పూర్తిగా అచ్చువేయించినది కేరీ గారే. అనగా మన పేరులేని తాతముత్తాతలు పొలములలో చెప్పిన పేర్లు భారతదేశ వృక్షశాస్త్రపు పునాదిలో ఉన్నవి. వాటిని కాపాడినవాడు ఒక బాప్టిస్టు సేవకుడు.

ఇంగ్లండునుండి వచ్చిన విత్తనముల సంచిని కేరీ గారు తోటలో ఒక నీడచోట దులిపిరి. కొన్ని దినములకు అక్కడ చిన్న డెయిజీ పువ్వు లేచినది. అది వారి దేశపు గడ్డిలో పూసే సామాన్యమైన పువ్వు. దానిని చూచి ఆయన పొందిన సంతోషమును ఉత్తరములో వ్రాసికొనిరి. ఏటేటా దాని విత్తనము దాచి మరల విత్తిరి. పరదేశములో తన ఊరి పువ్వును చూచినవాని హృదయము మనకు వేరొకరు వివరించనక్కరలేదు. 1823లో వరద వచ్చి ఆ తోటను పాడుచేసినది. ఆయన మరల నాటిరి. 1834లో చనిపోవువరకు దానిని విడువలేదు.

మరియొక మాదిరి. నేటాలు చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్లిన మనవారికి ఓడ పుస్తకములలో ఒక్కొక్కరికి ఒక నంబరు వేసిరి. 1903లో తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనరీ సొసైటీ పంపగా జాన్ రంగయ్య గారు అక్కడికి వెళ్లి, ఆ నంబర్ల వెనుకనున్న మనుష్యులను వెదకి సంఘములు కట్టిరి. బాప్తిస్మమిచ్చు కాపరి నంబరు పెట్టి పిలువడు. పేరు పెట్టియే పిలుచును.

చేయవలసిన పని

ప్రియులారా, మాట విని ఊరకుండక ఈ నెలలో రెండు పనులు చేయుదము.

మొదటిది, సండే స్కూలు పిల్లలను ఒక ఉదయము ఊరి బయటకు తీసికొని పోండి. తలా ఒక నోటు పుస్తకము. నాలుగు వరుసలు గీయండి: మన తెలుగు పేరు, ఈ ఊరివారు పిలుచు పేరు, ఎక్కడ చూచితిమి, ఉపయోగమా హానియా. తెలుగు పేరు తెలియకపోతే ఇంటిలో అమ్మమ్మను, నాయనమ్మను అడిగి రమ్మనండి. ఈ ఊరి పేరు కొరకు ప్రక్కింటివారిని, మేకల కాపరిని అడుగనివ్వండి. ఆ విధముగా అవ్వతో ఒక మాట, పొరుగువారితో ఒక మాట కలియును. తుమ్మికి తమిళములో తుంబై, జిల్లేడుకు ఎరుక్కు, ఉమ్మెత్తకు ఊమత్తై అని తెలిసికొన్న పిల్లకు రెండు ఇండ్లు ఉన్నట్టే. ఏదియు నోట పెట్టవద్దనియు, జిల్లేడు పాలు కంటికి తగులనీయవద్దనియు ముందే చెప్పండి. వేళ్లతో పెరుకవద్దు, చూచి వదలివేయవలెను.

రెండవది, అదే నోటు పుస్తకములో చివరి పేజీ పెద్దలకు. వెనుక రెండు బల్లలలో కూర్చున్నవారి పేర్లు, వారి ఊరు, వారి పని, వారి అవసరత వ్రాసికొనండి. ఒక్క ఆదివారము చూచి మనిషి తెలిసిపోడు, మొక్కే తెలియదు గదా! భోజనమునకు పిలువండి. మాట వినండి. మరుసటి ఆదివారము పేరుపెట్టి పలుకరించండి. బల్లలో కొంచెము జరిగి చోటు ఇవ్వండి. సంఘములో ఒక పని అప్పగించండి.

దేవదారు మొదలుకొని గోడలో మొలిచే హిస్సోపు వరకు సొలొమోను చెట్లను గూర్చి మాటలాడెనని 1 రాజులు 4వ అధ్యాయములో ఉన్నది. గోడలో మొలిచినదానిని కూడ అంత గొప్ప రాజు విడిచిపెట్టలేదు. ఆ సొలొమోను వైభవముకంటె అడవిపువ్వు అలంకారము గొప్పదని చెప్పిన ప్రభువు, నేడున్నదై రేపు పొయ్యిలో వేయబడే గడ్డిని అంతగా ఎరిగియున్నాడు. కమిటీలో పేరు లేనివారిని, బల్లలో చోటు లేనివారిని ఆయన మరువడు. వారిని ఎరుగుట మన వంతు.

మనము ప్రార్థించుదము: పరమ తండ్రీ, నీవు చేసినదానిని నిదానించి చూచు కన్నులు మాకు దయచేయుము. మేము నిలిచిన నేలలో గాయములకు మందుగా ఉండుటకు మమ్మును వాడుకొనుము. మా నీడలో ఇతరులు ఎదుగునట్లు చేయుము. మా పిల్లల నోట మా భాషను, మా పొరుగువారి భాషను ఆశీర్వదించుము. మా పేర్లను నీ అరచేతిలో చెక్కుకొన్న నీకే మహిమ కలుగును గాక. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.